బొందల మలుపు

“నీ ట్రాక్టర్ తొక్కిన బండకు నేనెందుకు పైసలు వెట్టాలె?” అన్నది జానమ్మ.

“ట్రాక్టర్ నాదే. మొరం పొయ్యమన్నది మున్సిపాలిటోళ్లు. పోయి వాళ్ల గల్ల పట్టుకో,” అన్నది అండాలు.

ఏండ్ల సంది గిదే పంచాది. ఇద్దరు ఏడ ఎదురువడ్డా, రేషన్ షాపు కాడ గానీ, నల్ల కాడ గానీ, ఎవలన్న సచ్చిన కాడ గానీ, బండ ముచ్చట లెవ్వాల్సిందే.

ఆ బండ జానమ్మ మామ ఇస్రాయేలు బొంద మీదిది. గుట్ట కింద వాళ్లోళ్లను బొందవెట్టే జాగా ఉండె. జడ్చర్ల దిక్కు ఊరు పెరిగినంక సర్కారోళ్లు గుట్టకు కంచె కొట్టిండ్రు, వనం అని పేరువెట్టిండ్రు, చుట్టూ వాకింగ్ ట్రాక్ తీసిండ్రు. మొరం గుంజింది అండాలు ట్రాక్టర్. సిలువ చెక్కిన షాబాదు బండ టైరు కింద పడి ముక్కలైంది. ఆ ముక్కల మీదనే మొరం పోసి, పక్కన బెంచీ ఏసిండ్రు.

గప్పటి సంది అది బొందల మలుపు. పొద్దుగాల షుగరోళ్లు, బీపీ ఉన్నోళ్లు చేతులూపుకుంట, ముచ్చట్లు వెట్టుకుంట నడుస్తరు గని... గా మలుపు రాంగనే నోర్లు మూతవడుతయి. బిరబిర దాటుతరు. పొద్దుగూకినంక ఎవ్వలూ పోరు.

“మనుషులెందుకు, కుక్క గూడ పోదక్కా,” అంటడు వాచ్‌మన్ సాయిలు. “ఆడిదాక పోయి ఆగుతది. తోక ముడుసుకొని ఎన్కకొస్తది.”

అండాలు నమ్మదు. “సచ్చినోళ్లకు వేరే పని లేదా?” అంటది.

ఆ ఏడు వనంల సీతాఫలం చెట్లన్ని అండాలు గుత్తకు పట్టింది. చేతిల ఉన్నదాంట్ల శానా మటుకు అండ్లనే వెట్టింది. ట్రాక్టర్ ఇంజన్ చెడిపోయి షెడ్డుల వడ్డది. దానికని కొన్ని పైసలు దాసింది గని అవ్వి సాలయి. కాయ అమ్మితేనే అది బయటికొచ్చేది, అది బయటికొస్తేనే ఇంట్ల పొయ్యి మండేది. దసరా దాటినంక పోయి చూస్తే ఏమున్నది — బొందల మలుపు చెట్ల మీద కాయ మాయమైతాంది! కండ్లు విచ్చి కోతకొచ్చిన కాయ ఒక్కటి లేదు.

“దెయ్యం తింటాందేమో అక్కా,” అన్నడు సాయిలు.

“తింటే తొక్కలేవి? గింజలేవి? నీ దెయ్యం గింజలు గూడ మింగుతదా?”

గా రాత్రి తానే కావలుంట అన్నది. సాయిలు గేటు తాళంచెవి ఆమె చేతిలవెట్టిండు. “ఫికర్ చెయ్యకక్కా, నేను గీడనే ఉంట,” అన్నడు. గేటు బయట.

అమాస దగ్గరికొచ్చిన రోజులు. సెల్లు లైటేస్తే దొంగ ఉరుకుతడని వెయ్యలే. చెప్పులు చప్పుడైతయని విడిచి చేతుల పట్టుకున్నది. మొరం అరికాళ్లకు సల్లగ తగులుతాంది. పక్కపొంటి కసరత్తు మిషిన్లు చీకట్ల మనుషుల లెక్క నిలవడ్డయి. ఒకటి చేతులు చాపింది. ఇంకోటి నడుం వంచింది. అండాలు వాటి దిక్కు చూడకుంట నడిసింది.

మలుపు వచ్చింది.

కీచురాళ్లు ఆగిపోయినయి. ఏదో వాసన... తియ్యటిది, బరువుది. సావింట్ల పూలు వాడినంక వచ్చే వాసన అసొంటిది.

చెట్టు కింద వంగి కొమ్మలు తడిమింది. చెయ్యి జారి కిందవడ్డది. ఆకులు. ఆకుల కుప్ప. కుప్ప కాదు... గడ్డ. మనిషి పండుకున్నంత పొడుగున్నది.

పొద్దుగాల గీడ గడ్డ కండ్లవడలే.

చెయ్యి తియ్యాలె అనుకున్నది. తియ్యలే. ఎందుకంటే — గడ్డ ఎచ్చగున్నది. రాత్రిపూట మన్ను సల్లగుండాలె గదా? గిది జరమొచ్చిన మనిషి పొట్ట లెక్క కాలుతాంది. వేళ్లు ఆకులల్ల దిగినయి. లోపల మెత్తగ... ఉబ్బుగ... ఏదో తోలు. ఒత్తితే పుటుక్కున పలిగింది. వేళ్లకు తడి అంటింది.

లేవబోతే కాలు కదలలే. గప్పుడు, దగ్గర్నే, శానా దగ్గర్నే —

“బిడ్డా... జర కాలు తియ్యి.”

“ఓ యవ్వో!”

పొద చాటు కెల్లి తెల్లగ ఏదో లేసింది. అండాలు చేతిల చెప్పు ఇసిరి కొట్టింది.

“నీ చెయ్యిరగ! కన్ను పోతుండె గదనే!”

జానమ్మ! నెత్తి మీదికెల్లి తెల్ల దుప్పటి కప్పుకొని, మూతి తుడుసుకుంట నిలవడ్డది. అండాలు సెల్లు లైటేసింది. ఆకుల కింద వరుసగ సీతాఫలాలు. గడ్డి పరిసి, కాయ పేర్చి, ఆకు కప్పి పండనీకె మక్కవెట్టింది. మక్కే కాయ ఎచ్చగైతది. అండాలు సిన్నప్పటి సంది తన చేత్తోని గట్లనే మక్కవెట్టింది గని, ఇంట్ల గంపల చెయ్యి వెట్టుడు వేరు, బొందల మలుపుల వెట్టుడు వేరు.

“దొంగదానా! నా గుత్త కాయ!”

“దొంగతనం కాదు, వసూలు. బండ పైసలు ఇయ్యవైతివి. కాయలల్ల పట్టుకుంటున్న.”

“నా ఇంజన్ షెడ్డుల మూలుగుతాంది, నీకు వసూలు గావాల్నా?”

తిట్టుకుంటనే ఇద్దరు కాయలు సంచిల నింపిండ్రు. తిట్టుకుంటనే ఆ చివర ఈ చివర పట్టుకొని గేటు దిక్కు నడిసిండ్రు.

“కాయ తీసుకుంటే తీసుకున్నవు,” అన్నది అండాలు. “ ‘బిడ్డా, జర కాలు తియ్యి’ అని దెయ్యం లెక్క గుసగుసలెందుకే? పానం పోతుండె.”

జానమ్మ ఆగింది.

“నేనా?”

“మల్లెవలు?”

“నేను నోట్లె కొంగు కుక్కుకొని పండుకున్న, నువ్వెప్పుడు పోతవా అని. నీదీ నాదీ ఒక్కటే ఈడు. నిన్ను నేను బిడ్డా అంటనా?”

అండాలు సంచి కొసను గట్టిగ పట్టుకున్నది.

“నీ ఎంబడి ఎవలో ముసలాయన వచ్చిండనుకున్న నేను,” అన్నది జానమ్మ, నెమ్మదిగ. “అండాలూ... నువ్వు ఏడ కాలువెట్టి నిలవడ్డవే?”

“గడ్డకు ఇవుతల. బెంచీ దిక్కు.”

జానమ్మ సంచి కొస ఇడిసిపెట్టింది. కాయలు మొరం మీద దొర్లినయి. ఇద్దరిల ఒక్కరు గూడ వంగి ఏరలే. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని, ఎన్కకు చూడకుంట, గేటుదాక నడిసిండ్రు.

“ఏమైందక్కా?” అన్నడు సాయిలు.

“ఏం కాలే. గేటెయ్యి.”

తెల్లారి అండాలు ఇంజన్ కోసం దాసిన పైసలు కొంగున కట్టుకొని జడ్చర్ల బస్సెక్కింది. బండలు చెక్కేటోని కాడ పొద్దంత కూసున్నది. ఇస్రాయేలు పేరు, సిలువ చెక్కేదాక లెవ్వలే. ఏడవోయినా గంటసేపు బేరమాడే మనిషి, గా దినం నోరు తెరువలే. బండకు, చెక్కుడు కూలికి, ఆటో కిరాయికి కలిపి నాలుగు వేల మూడు వందల అరవై రూపాయలు కట్టింది.