పిలిచేదాకా మాటులోనే

"నేనే వచ్చి పిలుస్తాను. నేను పిలిచేదాకా బయటికి రావద్దు. ఎంత ఆలస్యమైనా సరే, పిలవకుండా మాత్రం ఉండను."

ఇది మా డైరెక్టరు మా అక్కకి ఇచ్చిన మాట. ఒక ఉదయం, జమ్ముగడ్డి అంచున నిలబడి, నా ఎదురుగానే ఇచ్చాడు. మాట తప్పడం చాలా చిన్న విషయమని ఆయన అభిప్రాయం. పైన కూర్చున్నవాళ్ళకి ఎప్పుడూ అలాగే కనిపిస్తుంది.

అక్క పక్షుల వీడియోలు తీస్తుంది. నేను ఆమె వెనక ట్రైపాడ్ మోస్తాను, శబ్దం రికార్డు చేస్తాను, సందు దొరికితే ప్రకృతి మీద మనిషి సాగిస్తున్న దౌర్జన్యం గురించి ఉపన్యాసం దంచుతాను. ముందు లెన్సు మీద దుమ్ము సాగిస్తున్న దౌర్జన్యం సంగతి చూడమంటుంది అక్క.

ఊరి చివర మూతబడిన పంపుహౌసు ఒకటి ఉంది. దాని వెనకంతా బురదనేల, మనిషిని మించిన జమ్ము. అందులో ఒక పెద్ద కొంగ గూడు పెట్టింది. గుడ్డు నుంచి ఎగిరేదాకా ఆ గూటి కథే మా సినిమా. గూటికి ఎదురుగా మాటు కట్టాం. మాటంటే గడ్డి రంగు గుడ్డతో చిన్న గుడారం. లోపల ఒక స్టూలు, కెమెరా. ముందువైపు లెన్సు పట్టేంత చీలిక.

మాటులోకి వెళ్ళడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు కలిసి వెళ్తారు. ఒకరు లోపల ఉండిపోతారు. రెండోవారు గట్టిగా మాట్లాడుకుంటూ తిరిగొచ్చేస్తారు. పక్షికి లెక్క రాదు. మనుషులు వచ్చారు, పోయారు అనుకుని గూటికి చేరుతుంది. సాయంత్రం ఆ రెండోవారే వెళ్ళి లోపలివాళ్ళని పిలుచుకు రావాలి. ఈలోగా లోపలివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బయటికొస్తే, ఖాళీ గుడారంలోంచి మనిషి పుట్టుకొచ్చినట్టు ఉంటుంది పక్షికి. బెదిరి గుడ్లు వదిలేస్తుంది.

ఈ నియమం అక్కకి ప్రాణంతో సమానం. ఒకసారి వాన ముంచెత్తినా, నీళ్ళు స్టూలు దాకా వచ్చినా, పిలుపు వచ్చేదాకా కదల్లేదు.

డైరెక్టరు ఆ మాట ఇచ్చిన రోజు, అక్కని లోపల దిగబెట్టి వచ్చింది ఆయనే. నేను పంపుహౌసు మెట్ల మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గూటి కింద కట్టిన మైకు వింటున్నాను. ఎండకి బురద ఉడుకుతున్న వాసన. చెవుల్లో కప్పలు, జమ్ము ఆకుల రాపిడి, కొంగ ముక్కుతో గుడ్లు పొర్లించుకుంటున్న చప్పుడు. అంతకన్నా ప్రశాంతమైన ఉద్యోగం లోకంలో లేదు.

పొద్దు వాలుతుండగా కప్పలు ఆగిపోయాయి.

తర్వాత ఆకుల రాపిడి ఆగిపోయింది. తలెత్తి చూశాను. ఎదురుగా జమ్ము గాలికి ఊగుతూనే ఉంది. చెవుల్లో మాత్రం ఏమీ లేదు... బావిలో తల పెట్టినట్టుంది.

అప్పుడు వినిపించింది. బురదలోంచి ఎవరో కాలు పైకి లాగుతున్నట్టు. మెల్లగా. మళ్ళీ ఇంకో కాలు. 

అక్క గొంతు, గుసగుసగా, "వచ్చారా?"

ఇంకో అడుగు, ఇంకా దగ్గరగా.

"మీరేనా?"

వెనక్కి తిరిగి చూశాను. డైరెక్టరు జీపుకి ఆనుకుని ఫోన్లో చానెల్ వాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అక్కడి నుంచి అడుగు కదల్లేదు.

కొంగ కర్కశంగా అరిచి లేచిపోయింది. జమ్ము పాయలుగా విడింది. అక్క నడుచుకుంటూ బయటికొచ్చింది.

మీరు పిలవలేదు కదా, ఎలా వచ్చిందని డైరెక్టరుని అడిగాను. ఆయన ఫోను చేత్తో మూసి, "వచ్చేసింది కదయ్యా, ఇంకేం పిలిచేది?" అన్నాడు.

అక్క చేతిలో కెమెరా లేదు. మాటులోనే వదిలేసి వచ్చింది. ఎందుకు వచ్చేశావని అడిగితే, అయిపోయిందని మాత్రం అంది. జీపులో నా పక్కన కూర్చుంటే, ఎన్నాళ్ళగానో కదలని నీళ్ళ వాసన వచ్చింది.

ఇంట్లో అమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పిల్ల ఇంటిపట్టున ఉంటోంది, పెట్టింది తింటోంది, ఎదురు చెప్పట్లేదు. అక్క స్నానాల గదిలో బకెట్ నీళ్ళ ముందు మెడ భుజాల్లోకి లాక్కుని గంటలు గంటలు కదలకుండా నిలబడుతోందని చెప్పాను. బురదలు పట్టుకు తిరగడం మానింది, నీకేం నొప్పి అని నన్నే కసిరింది అమ్మ.

కొంగ గూటికి తిరిగి రాలేదు. పంపుహౌసు కప్పు మీద నిలబడి, రోజంతా ఆ మాటునే చూసింది. గుడ్లు చల్లబడిపోయాయి. డైరెక్టరు ఆ దృశ్యాన్ని ఇంకో కెమెరాతో తీసి, దాన్నే సినిమా ముగింపు చేసుకున్నాడు. తల్లి ఎందుకు రాలేదో ప్రకృతికే తెలియాలని ఒక వాక్యం, వెనక వయొలిన్. సాక్ష్యాన్ని సరుకు చేయడమంటే ఇదే.

నన్ను మాత్రం ఒక్కటే తొలిచేసింది. మాటు ఖాళీ. మరి కొంగ దేనికి భయపడుతోంది?

ఒక మధ్యాహ్నం కెమెరా తెస్తానని చెప్పి ఒక్కడినే వెళ్ళాను. గూటి కింది మైకు ఇంకా తీయలేదు, హెడ్‌ఫోన్లు పెట్టుకునే జమ్ములోకి దిగాను. మాటు తెర పైకెత్తాను. లోపల ఎవరూ లేరు. కెమెరా మాత్రం నడుస్తోంది. స్టూలు మీది గుడ్డ... మధ్యలో కిందికి దిగి ఉంది. మనిషి కూర్చున్నంత.

చెవుల్లో అక్క గుసగుస.

"ఒరేయ్, తెర మూసెయ్. కొంగ చూస్తోంది."

నా చెయ్యి దానంతట అదే తెర వదిలేసింది. రా అక్కా, ఇంటికెళ్దాం అన్నాను.

"నువ్వు కాదురా. ఆయన పిలవాలి కదా."

ఆయన పిలవడు, నేను పిలుస్తున్నానన్నాను. ఏడ్చాను. బతిమాలాను.

"ఇందాక కూడా ఎవరో ఇలాగే వచ్చారు. ఆయన కాదు. నేను కదల్లేదు... ఆయనకి చెప్పు, కాళ్ళు తిమ్మిరెక్కాయని."

రికార్డింగ్ పట్టుకుని డైరెక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఎడిటింగ్ గదిలో తలుపు వేసుకుని మొత్తం విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి, రుమాలుతో చెవులు తుడుచుకున్నాడు. అబద్ధమనలేదు. నవ్వనూ లేదు. తలుపు వైపు చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు.

"నేను పిలిస్తే... ఇద్దర్లో ఎవరొస్తారు?"

మర్నాడు వస్తానన్నాడు. రాలేదు. ఇప్పుడు ఫోను ఎత్తడు, ఇంటికి తాళం. ఆయన సినిమా మాత్రం ఊరూరా ప్రదర్శనలకి తిరుగుతోంది. వన్యప్రాణుల గొంతుక అని పోస్టరు మీద ఆయన పేరు కింద రాశారు.

అందుకే ఇది పత్రికకెక్కిస్తున్నాను. మౌనం తటస్థత కాదు, బలవంతుడి పక్షం. నేను దెయ్యాలని నమ్మే మనిషిని కాను, ఇప్పటికీ కాను. నమ్మేది బాధ్యతని. అయ్యా డైరెక్టరుగారూ, మీరు ఒక మనిషిని లోపల దిగబెట్టి వచ్చారు. బయటికి పిలవాల్సింది మీరు. మీ భయం మీ సొంత ఆస్తి, మా అక్క కాదు.

గూడు ఖాళీ అయింది కాబట్టి ఇక అడ్డేం లేదని, ఈ నెల ఇరవయ్యో తేదీన పంచాయతీవాళ్ళు జమ్ము మొత్తం తగలబెడుతున్నారు. కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు. గుడారం పీకేసుకోవయ్యా, మాకేం అభ్యంతరం అన్నారు. పీకబోయాను. మొదటి మేకు కదిలించగానే చెవుల్లో వినిపించిన కేక వల్ల, ఇక దాన్ని ముట్టుకోలేదు.

ఇది సగం రాసి ఉండగా, ఇంట్లో ఉన్నావిడ నా వెనక వచ్చి నిలబడింది. అడుగుల చప్పుడు లేదు. నీళ్ళ వాసన వచ్చింది. తగలబెట్టే సంగతి అప్పటికి నేను రాయనే లేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భుజం మీదుగా వంగి ఆఖరి పంక్తి దాకా చదివింది. బాగా రాశావంది. చివర్లో ఆయనకి గడువు పెడతావు కదా అని అడిగింది. అవునన్నాను.

"ఇరవై ఒకటి పెట్టు," అంది.

నేను మార్చడం లేదు. మే పంతొమ్మిది, పొద్దు వాలేలోగా.