వెంట్రుకల తాళ్ళ ఓడ

ముత్యాలరేవు రాజ్యంలో ఆ ఉదయం ఎవరింటా పొయ్యి వెలగలేదు. రేవులో లంగరు వేసి ఉన్న రాజుగారి పెద్ద ఓడ, నలభైమంది నావికులతో సహా, అందరూ చూస్తుండగానే మాయమైపోయింది! ఎలా మాయమైందంటారా? ఊరివాళ్ళూ అదే అడుగుతూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఇది జలదంష్ట్రుడనే రాక్షసుడి పని అని జ్యోతిష్కుడు తేల్చి చెప్పేసరికి సేనాపతికి చలిజ్వరం పట్టుకుంది.

ఆ ఓడలో తాళ్ళు కట్టే పోలయ్యకు నూకాలని ఒక్కతే కూతురు. తల్లి లేని ఆ పిల్లకు అయ్య తప్ప దిక్కు లేదు. ఏడుస్తూ కూర్చోవడం చేతకాక, చిన్న దోనె వేసుకుని రాక్షసుడి దీవికి బయలుదేరింది.

దీవిలోని మొగలి అడవిలో ఏనుగంత పీత డెక్కలు కత్తెరల్లా తెరిచి అడ్డుపడింది. "నిన్ను నమిలేస్తాను!" అంది.

"నమలడానికేం తొందర? అంతంత డెక్కలు అసలు మూసుకుంటాయా అని మా ఊళ్ళో పందేలు కాస్తన్నారు," అంది నూకాలు.

పీతకు రోషం పొడుచుకొచ్చి డెక్కలు టక్కున మూసింది. నూకాలు నడుముకున్న తాడు విప్పి, వాటి చుట్టూ మెలికలు వేసి ముడి బిగించింది. సంతలో పీతల్ని కట్టే ముడే అది.

అడవి దాటాక, గుహలో జలదంష్ట్రుడు రాతి తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. వాడి అరచేతిలో మూరెడు ఓడ! తాళ్ళన్నీ తెగి, తెరచాపలు కుప్పగా పడి ఉన్నాయి. దాని మీద చీమలంత మనుషులు. ఒక చీమ తలపాగా విప్పి ఊపింది. నూకాలు వంగి చూసింది. అయ్య!

"వాళ్ళు కావాలంటే దీనికి తాళ్ళు కట్టి, పొద్దుగూకేలోగా ఈ తొట్టిలో తేల్చు. తేలితే నా మాయ విరిగి ఓడ నీదవుతుంది. మునిగితే వాళ్ళు చేపల పాలు," అన్నాడు రాక్షసుడు.

"మరి దారం?"

"అది నీ తిప్పలు."

కొంగులోంచి నూలుపోగు లాగి చూసింది. తెరచాప కొయ్యలకున్న సూదిబెజ్జాల్లో అది దూరదే! ఇక ఆలోచించలేదు. బారెడు జడను కత్తితో కోసేసి, ఒక్కొక్క వెంట్రుకనూ బెజ్జాల్లో దూర్చి, చేపముల్లుతో ముళ్ళు వేసింది. ప్రతి ముడీ కాస్త వదులుగా కట్టింది. నార తాడు నీళ్ళు తగిలితే బిగుసుకుంటుంది. బిగించి కడితే కొయ్యలు విరుగుతాయి. వాళ్ళ ఇంట్లో ఉగ్గుపాలతో నేర్పిన పని అది.

ఓడను నీళ్ళలో వదిలింది. ఓరి దేవుడో! తాళ్ళు బిగుసుకోలేదు సరికదా, ఇంకా సాగాయి! కొయ్యలు ఒరిగాయి, ఓడ పక్కకు వాలింది, నీళ్ళు లోపలికి దూకాయి.

"ఓలమ్మీ! బేగి బిగించే!" దోమ రొదలా అయ్య కేక.

అప్పుడు తట్టింది నూకాలుకు. నార కాదు, ఇది వెంట్రుక! తలంటుకున్న రోజు తడి వెంట్రుక లాగితే సాగడం ఎన్నిసార్లు చూడలేదు? నా బుద్ధి మండా అనుకుంటూ, నీళ్ళలోనే ఒక్కొక్క ముడీ విప్పి బిగించింది. బయట సూర్యుడు సగం మునిగాడు. రాక్షసుడు పగలబడి నవ్వుతున్నాడు. ఆఖరి ముడి పళ్ళతో లాగింది.

ఓడ నిటారుగా నిలిచింది!

"ఇది అసాధ్యం!" అని అరుస్తూనే రాక్షసుడు నురగైపోయాడు. తొట్టి పగిలింది, గుహ విచ్చుకుంది, ఓడ పెరుగుతూ సముద్రంలోకి జారింది. మణికట్టంత లావు నల్లతాడు పట్టుకుని నూకాలు దాని మీదికి పాకింది.

రేవుకు చేరాక రాజు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు.

"రాజ్యం నాకేల బాబూ? ఈ ఓడకి నన్ను సరంగుని చెయ్యండి," అంది నూకాలు.

"ఆడపిల్ల ఓడ నడపడమా? శివశివా!" అని మంత్రి చెవులు మూసుకున్నాడు.

పోలయ్య ముందుకొచ్చాడు. జడ లేని కూతురి తల చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు సరంగులకు పెట్టినట్టే, ఆమెకు వంగి దండం పెట్టాడు.

"సరంగు గారూ, లంగరెత్తమంటారా?"

అయ్య తనను 'గారూ' అనడమా! నూకాలు కొంగు నడుముకు బిగించింది.

"ఎత్తండి," అంది.

రాజు నవ్వి తల ఊపాడు. వాళ్ళు కడలికి, మనం కునుకుకి.