నూనె రాసిన తలుపులు

కూరలో నూనె చుక్క ఎక్కువైతే కోడల్ని వారం రోజులు సాధించే సాయమ్మ, ఆ సాయంత్రం మాత్రం చెయ్యి వెనక్కి తియ్యలేదు. వడ్డేపల్లి పాస్టరు ఉపవాసముండి ప్రార్థించి ఇచ్చిన అభిషేక తైలంతో ముందు తలుపుకు, రెండు కిటికీలకు, వెనక తలుపుకు బొటనవేలితో సిలువ గుర్తులు దట్టంగా పెట్టింది. బయటిదేదీ లోపలికి రాకూడదని ఆమె ఆత్రం.

మనవరాలు నవ్యకు ఎనిమిదేళ్లు. కొడుకు సాంసన్, కోడలు హైదరాబాదుకు కూలిపనికి పోతూ పిల్లను ఆమె చేతుల్లో పెట్టి పోయారు. విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేనుకు కూలికి పోయి వచ్చిన రోజు మొదలు పిల్ల జ్వరంతో మూలకు తిరిగి కూర్చుని ఎవరితోనో గుసగుసలాడుతోంది. దవాఖాన గోలీలకు జ్వరం తగ్గింది గానీ గుసగుసలు తగ్గలేదు. కొడుకుకు ఏమని చెప్పాలో తెలియక సాయమ్మ ఫోను ఎత్తడమే మానేసింది.

వాన ముసురు పట్టింది. కరెంటు పోయింది. తడిమట్టి వాసన, ఒలీవ నూనె వాసన కలిసి గొంతుకు అడ్డం పడుతున్నాయి. అప్పుడు మొదలైంది చప్పుడు, ఎవరో గోళ్లతో గీరుతున్నట్టు... ముందు తలుపు. కిటికీ. వెనక తలుపు...

బయటి నుంచి కాదు. లోపలి నుంచి.

"అవ్వా," అంది నవ్య మెల్లగా. "ఆమె పోతదంట. దారి లేదంట."

"ఎవరే?"

"తెల్వదు. నూనె మండుతదంట. జర తుడువవ్వా."

లోపలున్న దాన్ని లోపలే బంధించింది తనే! "ప్రభువా, కాపాడు" అంటూ వెనక తలుపు మీది నూనెను కొంగుతో గబగబా తుడిచి గడియ తీసింది. చల్లటి గాలి ఒకటి ఆమె నడుమును ఒరుసుకుంటూ బయటికి పోయింది.

సీసాలో ఒక్క చుక్క మిగిలింది. పిల్ల నుదుటికి రాయాలా, తలుపుకా? అది మళ్లీ తిరిగొస్తే ఎట్లా అని భయపడి, తలుపు మూసి దానికే రాసేసింది.

గీరడం ఆగింది. నవ్య లేచి నిలబడి నవ్వింది. ఎన్నాళ్లకు నవ్వింది పిల్ల! సాయమ్మకు ఏడుపొచ్చింది.

"రా బిడ్డా, అరుగు మీద కూసుందాం. మీ నాయినకు ఫోన్ చేస్త." ముందు తలుపు తీసి బయటికి నడిచింది.

నవ్య గడప దాకా వచ్చి ఆగింది. తలుపు మీది సిలువ గుర్తునే చూస్తోంది.

"రాయే."

"నేను ఈడనే ఉంట."

ఇంటి వెనక, వానలో... ఎవరో తలుపు కొడుతున్నారు. చిన్న చేతులు.

"అవ్వా... నేనే. తలుపు తీ."