పద్నాలుగో వార్డు మీద గీతలు

మ్యాపులు గీసే పెద్దాయన ఉదయం తొమ్మిదింటికి ఆఫీసు లిఫ్టులో చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన మచ్చ తప్ప ఇంకేమీ లేదు. పదింటికల్లా ఏజెంట్ నైంటీ చీఫ్ ముందు నిలబడ్డాడు. చీఫ్ శవం సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి బిస్కెట్ల ప్లేటు తన వైపు లాక్కున్నాడు. నైంటీ ఆ ప్లేటు మీంచి చూపు తిప్పుకున్నాడు.

పదకొండింటికి అన్ని టీవీల్లోనూ జ్వరం మ్యాప్ చూపిస్తారు. ఏ వార్డులో జ్వరం ఎక్కువో ఆ వార్డుకి ఎరుపు. పద్నాలుగో వార్డు ముదురు ఎరుపు. అయితే అక్కడ అడిగింది తొమ్మిది ఇళ్లనే, నాలుగింట్లో జ్వరం ఉందన్నారు. ఆ లెక్కను నమ్మలేం అని చెప్పడానికే పెద్దాయన శాఖ ఆ ఎరుపు మీద నల్లటి అడ్డగీతలు వేసింది.

కిందటి నెల జ్వరం ఉందని ఒట్టి పుకారు పుడితేనే ఒక వార్డు మీదకి పక్క వార్డుల వాళ్లు కిరోసిన్ డబ్బాలతో వెళ్లారు. పద్నాలుగో వార్డును ఆనుకుని సైన్యం చమురు ట్యాంకులున్నాయి. వార్డుకి నిప్పంటుకుంటే అవీ అంటుకుంటాయి. ఆ ట్యాంకుల మీద కన్నేసిన విదేశీ ముఠాకు కావలసింది అదే.

"వాళ్లు గీతలు చెరిపేస్తారు. నువ్వు చెరపనివ్వకూడదు. అంతే నీ పని," అన్నాడు చీఫ్. పెద్దాయన సంచిలో దొరికిన కాగితాల కట్టను, ఇది దేనికీ పనికిరాదంటూ అతని మీదకి తోశాడు.

నైంటీ మెట్లు దిగుతూ అక్కకు ఫోన్ చేశాడు. పద్నాలుగో వార్డులో రెండు మిషన్లు పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. ఇవాళ్టికి దుకాణం మూసి తన గదికి రమ్మన్నాడు. కారణం చెప్పే అధికారం అతనికి లేదు. కారణం లేకుండా కదిలే అలవాటు ఆవిడకు లేదు. సాయంత్రానికి నలభై యూనిఫాంలు ఇవ్వాలని విసుక్కుని పెట్టేసింది.

ఏసీ మెకానిక్ వేషంలో, చొక్కా గుండీలో కెమెరాతో టీవీ స్టేషన్‌లోకి వెళ్లాడు. గ్రాఫిక్స్ గదిలో నెమలి ఎదురైంది. అది ఆమె కోడ్ నేమ్. ఎర్రటి పట్టు చీర, పెదాల మీద అదే ఎరుపు. ముఠాలో ఉంటూ మన డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"లోపల ఉక్కగా ఉందా?" అన్నాడు నైంటీ.

"ఫ్యాను తిరుగుతోంది, గాలే లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె స్క్రీన్ చూపించింది. గీతలు భద్రంగా ఉన్నాయి. నిన్నటి కంటే లావుగా కూడా ఉన్నాయి. నైంటీ ఫోటో తీసి చీఫ్‌కు పంపాడు. అప్పటికి పది నలభై.

గీతలు ఎవరూ చెరపకపోతే పెద్దాయన్ని చంపడం దేనికి? ఏసీ వెనక నక్కి కాగితాలు విప్పాడు. పెద్దాయన నిన్న క్యాంటీన్‌లో కూర్చుని ముప్పై రెండు మందికి మ్యాప్ చూపించి, ఎవరేమన్నదీ రాసుకున్నాడు. వాచ్‌మన్: గీతలున్నచోట చావులు మొదలయ్యాయి కాబోలు. టీ ఇచ్చే ఆవిడ: కంచె వేసేశారు, అటు పోకూడదు. పోలీసు ఎస్సై: డబుల్ డేంజర్. లెక్క అనుమానమేనన్నది ముగ్గురే, ఆ ముగ్గురూ పెద్దాయన శాఖ వాళ్లే. ఆఖర్న అడుగున గీత గీసి రాశాడు: "ఈ గీతలు తీసేయాలి. లేకపోతే కొంప తగలబడుతుంది."

నైంటీకి తన మీద తనకే రోత పుట్టింది. ఇంతసేపూ ముఠా పనికి కాపలా కాసింది తనే.

వెనక్కి తిరిగేసరికి నెమలి చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని కొనలోంచి సన్నటి సూది బయటికొచ్చింది.

"ఒక్క అంకె కూడా మేం మార్చలేదు. గీతలు వేసింది మీ వాళ్లే, నేను కాస్త లావు చేశానంతే," అంది.

"అక్కడ నలభై వేల మంది ఉన్నారు."

"మ్యాప్‌లో ఒక్కళ్లూ కనపడరుగా."

ఆ గొంతులో కోపం కూడా లేదు. అందుకే అతనికి భరించరాని అసహ్యం వేసింది. ఆమె మీదకి రాగానే పక్కకు తప్పుకుని మణికట్టు మెలిపెట్టాడు. సూది కిందపడింది. కేబుల్ వైరుతో ఆమె రెండు చేతులూ ఏసీ పైపుకి బిగించేసి కంప్యూటర్ ముందు కూలబడ్డాడు.

పది యాభై ఎనిమిది. గీతలు చెరిపితే ఒట్టి ఎరుపు మిగులుతుంది. అదీ వార్డును తగలబెడుతుంది. ఉంచితే ఇంకా త్వరగా తగలబెడుతుంది. నలభై యూనిఫాంల మధ్య తలెత్తకుండా కుడుతున్న అక్క కళ్లముందు మెదిలింది. గీతలూ తీసేశాడు, రంగూ తీసేశాడు. తెల్లగా మిగిలిన వార్డు మీద రెండు వేళ్లతో టైపు కొట్టాడు: "ఇక్కడ తొమ్మిది ఇళ్లనే అడిగాం. జ్వరం ఎంతుందో మాకు తెలియదు."

ఎంటర్ నొక్కాడు. పదకొండయింది.

కిటికీలోంచి చూస్తే ఎదుటి టీవీల దుకాణం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. కొందరి చేతుల్లో డబ్బాలున్నాయి. ఎవరూ కదల్లేదు. కాసేపటికి ముందున్న ముసలాయన చిరాగ్గా అన్నాడు: "తెలియకపోతే వెళ్లి అడిగి రావచ్చుగా!" నలుగురు నవ్వారు. డబ్బాలు పట్టుకున్నవాళ్లు మొహమొహాలు చూసుకుని ఒక్కొక్కరే జారుకున్నారు.

చీఫ్ ఫోన్‌లో మండిపడ్డాడు. ముఠా మనిషి దొరికిందన్న మాట ఆయన చెవికెక్కలేదు. ప్రభుత్వానికి తెలియదని టీవీలో వేస్తావా, శత్రువులు కూడా ఇంత పరువు తియ్యలేదని అరిచి, అక్కడికక్కడే శిక్ష వేశాడు. పద్నాలుగో వార్డులో మిగిలిన తొమ్మిది వేల ఇళ్లూ నైంటీయే తిరిగి, జ్వరం సంగతి అడిగి రావాలి.

నైంటీ వెంటనే ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో డిపార్ట్‌మెంట్ అతనికి అప్పగించిన తెలివైన పని అదొక్కటే.