నలభై రెండో పరిచయం

పద్నాలుగో తూము తలుపు ఏడు గంటల పది నిమిషాలకు మూసుకుంది. ఎలీషా చక్రాన్ని ఇంకొంచెం బిగించి, గోడకు అవతల నీటిమట్టం చూసి పలక మీద రాశాడు. సముద్రం అలగోడ అంచుకు రెండు మూరల కింద ఉంది. గోడకు ఇవతల వరిచేలు సముద్రానికి నాలుగు మూరల కింద ఉన్నాయి. ఈ రెండు అంకెలను పదకొండేళ్ళుగా అతను రోజుకు ఆరుసార్లు రాస్తున్నాడు.

పక్క తూము కాపలాదారుకు తీగ మీద ఆ అంకెలు చెబుతుండగా పడవ కూత వినిపించింది.

పేరంటాలు పడవను రేవుకు ఆనించి తాడు విసిరింది. ఆమె వెనక కడుగు గది తెల్లటి తలుపు మూసి ఉంది.

"తోడరిని తెచ్చానన్నయ్యా" అంది. ఒక పగటికి తోడుగా కుదిరిన మనిషి ఎదుట అంతకంటే ఎక్కువ అనకూడదు. కానీ ఆమె కళ్ళు నవ్వుతున్నాయి.

నూకరాజు మెట్ల మీదికి దిగాడు. నలభై ఏళ్ళ మనిషి. ఎండకు కాలిన మెడ, గళ్ళ లుంగీ, చేతిలో తోడరుల సంఘం వాళ్ళిచ్చిన కవరు. కవరు సీలు విప్పి, పిలిపించుకున్నవాడు తన గురించి రాసిచ్చే ఎరుకపత్రం బయటికి తీశాడు. చదివాక ఒప్పుకుంటేనే పడవ కదులుతుంది.

"నా పేరు ఎలీషా. వయసు యాభై ఎనిమిది" అని పైకి చదవడం మొదలుపెట్టాడు. "ఎడమ చెవి వినబడదు, కుడివైపు కూర్చోండి. మెట్ల మీద నాచు ఉంటుంది, చెప్పులు విప్పి నడవండి. మరుగుదొడ్డి పంపుగది వెనక ఉంది. టీలో అల్లం వెయ్యకండి. పాట పాడమని అడగకండి. మిమ్మల్ని అడగకుండా ముట్టుకోను, మీరూ అడగండి. మీకు ఇష్టం లేనిది లేదని చెప్పండి, నేను నొచ్చుకోను."

ఇంకా పదకొండు వాక్యాలున్నాయి. ఎలీషా మనసులో ప్రతి వాక్యానికీ ముందే నడుస్తున్నాడు. 'నాచు' దగ్గర నూకరాజు కిందికి చూసుకుంటాడు. 'పాట' దగ్గర నవ్వు ఆపుకుంటాడు. చివర తల గోక్కుంటాడు.

నూకరాజు తల గోక్కున్నాడు. "అర్థమైందండి. నన్ను నూకరాజంటారండి. మనం కొత్త కదండీ, తప్పులుంటే చెప్పండి."

"చెప్తాను" అన్నాడు ఎలీషా. ఈ మాట అతను అనడం నలభై ఒకటోసారి.

పడవ వెళ్ళిపోయింది.

ఆ పత్రం ఒక్కరోజులో రాసింది కాదు. మొదట్లో ఎలీషా కూడా అందరిలాగే ఫొటో చూసి తోడరిని ఎంచుకునేవాడు. అందమైనవాళ్ళు నాచు మీద జారి పడేవారు, సాయంత్రం దాకా మోకాలు పట్టుకుని కూర్చునేవారు. ఆ తర్వాత మాటకారులను ఎంచుకున్నాడు. వాళ్ళు ఎడమవైపు కూర్చుని చెవిటి చెవిలో కబుర్లు చెప్పేవారు. అలా ఒక్కొక్కటీ నేర్చుకున్నాడు. పొద్దుటి పడవకు వచ్చేవాళ్ళను అడగాలి, సాయంత్రం పడవకు వచ్చేవాళ్ళు అలిసిపోయి ఉంటారు. మొదటి గంటలో మన బాధలు చెప్పకూడదు. నేను నీకు నచ్చానా అని ఎప్పుడూ అడగకూడదు, ఆ జవాబు మనకు పనికిరాదు. మరుగుదొడ్డి ఎక్కడుందో మొదట్లోనే చెప్పాలి. మగవాణ్ణి కోరుకునే మగవాడికి ఇవన్నీ చెప్పే పెద్దవాళ్ళు ఎవరున్నారు? ఎవరికి వాళ్ళు పడి లేచి తెలుసుకోవలసిందే.

నూకరాజు దొరికాక ఇంక వెతకలేదు. సంఖ్య చెప్పి అతన్నే పిలిపించుకుంటున్నాడు. కానీ పిలిపించుకోగలిగింది మనిషిని మాత్రమే. నాలుగు గంటలకు పడవలోని కడుగు గదిలో ఆ రోజు జ్ఞాపకాన్ని కడిగేస్తారు. ఇక్కడ తిన్నది, అన్నది, నవ్వింది అంతా పోతుంది. మళ్ళీ పదిహేను రోజులకు అదే మనిషి కొత్తవాడై దిగుతాడు. ఉన్న తొమ్మిది గంటల్లో రెండు గంటలు పరిచయానికే సరిపోతాయి. టీ, తూము, చక్రం ఎందుకు తిప్పాలి, పెళ్ళి ఎందుకు చేసుకోలేదు. అవే ప్రశ్నలు, అవే జవాబులు. ఒక్కోసారి ఎలీషాకు చక్రం వదిలేసి సముద్రాన్ని లోపలికి రానిద్దామనిపించేది.

కోప్పడటానికి ఎవరూ లేరు. ఆ గోప్య నిబంధన కావాలని కాకినాడలో ఒక హాలులో కూర్చుని రాసినవాళ్ళలో తనూ ఒకడు. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. ఒక తోడరి నోరు జారాడు. ఒక బడిపంతులు గే అని ఊరంతా తెలిసింది. అతనికి ఉద్యోగం పోయింది, అద్దె ఇల్లు పోయింది. తోడరికి ఏదీ గుర్తుండకూడదు అని ఎవరో అన్నప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఎలీషాయే. ఎరుకపత్రాన్ని ఆ ఇద్దరు తప్ప మూడో మనిషి చూడకూడదు, దానికి నకలు ఉండకూడదు అని రాయించింది కూడా అతనే. ఇప్పుడు ఎవరికీ పట్టింపు లేదు. తోడరి లేని రోజుల్లో పేరంటాలు పడవలోంచే అరుస్తుంది, "మీ నూకరాజుకి జలుబు చేసిందంట, ఎల్లుండి తెస్తాలే" అని. గోడ పొడుగునా వినబడుతుంది. ఎవరూ తల తిప్పి కూడా చూడరు. నిబంధన మాత్రం అలాగే ఉంది.

టీ అయింది. పెళ్ళి ప్రశ్న అయింది. తొమ్మిదింటి నీటిమట్టం రాయడానికి ఎలీషా పంపుగదిలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి నూకరాజు కటకటాల దగ్గర నిలబడి ఉన్నాడు.

ఎలీషా కాళ్ళు ఆగిపోయాయి.

వల. మొన్నటి గాలివానకు గోనెసంచి తడిసిపోతే వలను మొత్తం విప్పి కటకటాల మీద ఆరేశాడు. పొద్దున తియ్యడం మరిచిపోయాడు. తోడరి గుర్తు ఏదీ చోటులో మిగలకూడదన్నది నియమం. ఇన్నాళ్ళూ అతను వలను సంచిలో చుట్టి ఉంచి, అల్లవలసిన అంచు మాత్రం బయటికి తీసి ఇచ్చేవాడు. ఎవరో పాత కాపలాదారు వదిలేసి పోయాడని చెప్పేవాడు. నూకరాజు ప్రతిసారీ ఆ అంచు పట్టుకుని, "ఎవడో గానీ మంచి పనివాడండి" అని తన పనిని తానే మెచ్చుకుని, సూది అందుకునేవాడు. ఎలీషాకు ఆ రోజు మొత్తంలో నవ్వొచ్చేది అక్కడే.

"ఇది ఎవరల్లారండి?" అన్నాడు నూకరాజు.

"ఎవరో పాత..."

"కాదండి." అతను ముడి మీద బొటనవేలు పెట్టాడు. "రెండు చుట్లు తిప్పి వేసిన ముడండి ఇది. మా నాన్న వేసేవాడు, నేను వేస్తాను. మా ఊరే గోడకవతల మునిగిపోయింది. ఇంకెవరేస్తారండి?" వల వెంట నడుచుకుంటూ మొదలు దాకా వెళ్ళాడు. మొదటి కన్నుకు ఒక గుడ్డ పీలిక కట్టి ఉంది. వల మొదలెట్టేటప్పుడు ఒంటిమీది గుడ్డ చింపి కడతారు వాళ్ళు. ఎండకు వెలిసినా గళ్ళు కనిపిస్తున్నాయి. "ఇది నా లుంగీ అంచండి. రెండేళ్ళ కిందట చిరిగి ఇంటికొచ్చింది. ఎక్కడ చిరిగిందో చెప్పలేక మా అక్క చేత తిట్లు తిన్నాను."

పంపుగది గోడకు పచ్చ గంట ఉంది. తోడరికి అనుమానం వస్తే పిలిపించుకున్నవాడు వెంటనే దాన్ని నొక్కాలి. నొక్కితే పడవ వచ్చి తీసుకుపోతుంది. ఆ తోడరిని ఇక ఈ తూముకు పంపరు. నొక్కలేదని తెలిస్తే ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు. ఎలీషా గంట వైపు చూశాడు. నూకరాజు కూడా చూశాడు.

"నేనిక్కడికి ఎన్నిసార్లు వచ్చానండి?"

ఎలీషా గంట దగ్గరికి వెళ్ళలేదు. "ఈవేళ్టితో నలభై ఒకటి."

నూకరాజు వల వదిలేసి ఎలీషా వైపు తిరిగాడు. తర్వాత మాట్లాడిన గొంతు కొత్తగా ఉంది. ఎలీషా ఎన్నడూ వినని గొంతు.

"నలభైసార్లు నాచేత నా పేరు చెప్పించుకున్నారు. తెలిసే చెప్పించుకున్నారు."

"తెలుసంటే నియమం..."

"నేను వెర్రివాడిలాగా నా ముడిని నేనే మెచ్చుకునుంటాను."

ఎలీషా తల వంచుకున్నాడు.

"మెచ్చుకున్నానా లేదా?"

"మెచ్చుకున్నావు."

"మీరు నవ్వుకున్నారు."

"నవ్వుకున్నాను."

నూకరాజు నాచు మెట్టు మీద కూలబడ్డాడు. "నెలకి ఎనిమిది రోజులు నాకు ఉండవండి. పడవ దిగి అరచేతులు వాసన చూసుకుంటాను. ఉల్లిపాయ వాసనొస్తే ఎక్కడో వంట చేశాననుకుంటాను. ఎవరైనా బాగా చూశారో, తిట్టారో తెలీదు. మా అక్క అడుగుతుంది, ఎలా ఉన్నార్రా వాళ్ళు అని. బాగానే ఉంటారులే అంటాను. మీరేమో అన్నీ దాచుకుని కూర్చున్నారు, రెండేళ్ళ నుంచి, ఒక్కళ్ళే."

"చెప్పి ఏం లాభం? నాలుగింటికి పోతుంది కదా. నాకు మాత్రం విసుగు లేదనుకున్నావా? టీలో అల్లం వద్దని నలభైసార్లు..."

"మీకు అల్లం గొడవండి. నాకు రోజులే లేవు."

ఎలీషా పదకొండేళ్ళు పత్రం చెక్కుతూ వచ్చాడు. అందులో ప్రతి వాక్యం తన గురించే. ఎదుటివాడు ఏం పోగొట్టుకుంటున్నాడో రాయడానికి అందులో చోటు ఉందా అని ఒక్కసారి కూడా చూడలేదు.

"ఈ కోపం కూడా పోతుంది కదండీ నాలుగింటికి" అన్నాడు నూకరాజు. "కోప్పడ్డానికి కూడా నాకు వీల్లేదు."

మధ్యాహ్నం నీటిమట్టం రాయవలసిన వేళ దాటిపోయింది. పక్క తూము నుంచి తీగ రెండుసార్లు మోగింది. అక్కడి కాపలాదారు పెద్దాయన ఏమైందని అడిగితే ఎలీషా మొదట అంకెలు చెప్పాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, జరిగింది కూడా చెప్పాడు. ఆయన కూడా తోడరిని పిలిపించుకునేవాడే.

అతను వచ్చేసరికి నూకరాజు సూది పట్టుకుని వల అల్లుతున్నాడు. "దడతో కడుగు గదిలోకి వెళ్తే వారం రోజుల జ్ఞాపకమంతా తోడేస్తుందండి ఆ యంత్రం. చేతులు పనిలో ఉంటే కుదుటపడతాను" అన్నాడు, తలెత్తకుండా.

ఎలీషా ఖాళీ ఎరుకపత్రం ఒకటి తీశాడు. పత్రం ఒక్క పేజీయే ఉండాలి. ఒకవైపే రాయాలి. నూకరాజు పొద్దున చదివిన పాత పత్రంలో ఇరవై వాక్యాలున్నాయి, ఇంకొక్క అక్షరం కూడా పట్టదు. కలంతో దాని మీద ఒక్కొక్కటీ కొట్టేస్తూ వెళ్ళాడు. అల్లం పోయింది. పాట పోయింది. చెవి దగ్గర కలం ఆగింది. దాన్ని రాయడానికి అతనికి రెండేళ్ళు పట్టింది. ఆ ఒక్క వాక్యం లేని రోజుల్లో ఎంతమంది మాటలు పోగొట్టుకున్నాడో అతనికే తెలుసు. దాన్నీ కొట్టేశాడు. నాచు వాక్యం ఉంచాడు. అడగకుండా ముట్టుకోననే వాక్యం ఉంచాడు.

"మీ అక్క పేరేంటి?" అని అడిగాడు.

నూకరాజు అప్పుడు తలెత్తాడు. ఆ కాగితం వైపు చూశాడు, ఆ తర్వాత ఎలీషా వైపు. "పోలేరమ్మండి" అన్నాడు. కాసేపాగి, "పీతలు నాకు ప్రాణమని కూడా రాయండి. వండటం రాదని కూడా" అన్నాడు.

నాలుగింటికి పేరంటాలు కొత్త కవరు అందుకుని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఇన్నాళ్ళకి మళ్ళీ కాయితం మార్చావేంటన్నయ్యా?"

"మార్చుకోవచ్చుగా."

"మార్చుకో. విప్పి చూడ్డానికి నాకేమన్నా హక్కుందేంటి, రాయించింది మీరేగా." నూకరాజు వెనక్కి తిరిగి చూడకుండా తెల్ల తలుపులోకి వెళ్ళాడు. అతని మెడ మీద చెమట లేదు.

పదిహేను రోజులూ ఎలీషా చక్రం తిప్పాడు, అంకెలు రాశాడు. పదహారో రోజు పొద్దున కూత వినబడేటప్పటికి వల కటకటాల మీద విప్పి ఉంది. ఈసారి మరిచిపోయి కాదు.

"తోడరిని తెచ్చానన్నయ్యా" అంది పేరంటాలు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పక్క తూము పెద్దాయన కూడా కాయితం మార్చాడు. దాని పక్క తూము కూడానంట. ఏం జరుగుతోంది మీ గోడ మీద?" అంది.

ఎలీషా జవాబు చెప్పలేదు. నూకరాజు మెట్ల మీదికి దిగి సీలు విప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ పేరు నూకరాజు. మీరిక్కడికి రావడం ఇది..."

ఆగిపోయాడు. పేరంటాలు చప్పున మొహం తిప్పుకుని, ఎప్పుడో కట్టిన తాడును మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. నూకరాజు మిగతాది లోపల్లోపల, పెదవులు కదుపుతూ చదివాడు.

మీరిక్కడికి రావడం ఇది నలభై రెండోసారి. మెట్ల మీద నాచు ఉంటుంది, చెప్పులు విప్పండి. కటకటాల మీది వల మీరు అల్లిందే. మొదటి కన్నుకున్నది మీ లుంగీ అంచు, మీ అక్క పోలేరమ్మ తిట్టింది దీనికే. మీకు పీతలు ప్రాణం, వండటం రాదు, నాకు వచ్చు. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తిట్టలేదు, కానీ నేను నవ్వుకున్నాను. కిందటిసారి మీరు నా మీద కోపంతో వెళ్ళారు. అది న్యాయమైన కోపం. మీదే, తీసుకోండి.

పత్రం చివరి దాకా చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. తల గోక్కోలేదు. ఇప్పుడు అతను ఏం చేస్తాడో ఎలీషాకు తెలియదు. రెండేళ్ళలో మొదటిసారి తెలియదు.

"ఒప్పుకున్నట్టేనా?" అని అడిగింది పేరంటాలు.

నూకరాజు పత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఒప్పుకున్నానండి" అన్నాడు.

పడవ కదిలింది. అతను చెప్పులు విప్పి, నేరుగా వల దగ్గరికి వెళ్ళి, మొదటి కన్నులోని గుడ్డ పీలికను, తన లుంగీ అంచును పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత వచ్చి ఎలీషా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎడమవైపు కూర్చున్నాడు. సముద్రం వైపు చూస్తూ ఏదో అన్నాడు. చాలాసేపు అన్నాడు. అతని దవడ బిగుసుకుంది, చెయ్యి ఒకసారి గాలిలోకి లేచి పడింది.

ఎలీషాకు ఒక్క ముక్క వినబడలేదు.

అతను లేచి, నాచు మీద జాగ్రత్తగా అడుగేస్తూ, నూకరాజుకు అటువైపు వచ్చి కూర్చున్నాడు.

"ఆ చెవి పనిచెయ్యదు" అన్నాడు. "మళ్ళీ చెప్పు. మొదటినుంచి."