ఒక్క కమలా పట్టే జేబు

పొద్దున్నే భర్త స్నానానికి వెళ్లగానే ఆవిడ చేసే మొదటి పని, అతని యూనిఫాం చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం. ఇంకో ఆడమనిషి సెంటు కోసం అనుకునేరు. ఆవిడ వెతికేది పళ్ల వాసన కోసం.

ఆవిడ దర్జీ. హాల్లో కిటికీ పక్కన మిషను వేసుకుని స్కూలు పిల్లల యూనిఫాంలు కుడుతుంది. సరిచేయడానికొచ్చిన పాత బట్టలైతే జేబులు తిరగేసి చూడందే కత్తెర పట్టదు. అతను సిటీ బస్సు డ్రైవరు. స్టీరింగ్ చేతిలో లేకపోతే ఏమీ తోచదు. అలాంటి మనిషిని కొన్నాళ్లుగా పొట్ట ఏడిపిస్తోంది. ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, చెప్పాపెట్టకుండా పరుగు. పరీక్షలన్నీ చేయించాక డాక్టరు ఐబీఎస్ అని తేల్చాడు. పుండ్లూ గిండ్లూ ఏమీ లేవని, పేగులే చీటికీమాటికీ చిరాకుపడే రకమని చెప్పి, డైటీషియన్ దగ్గరకు పంపాడు.

"కొన్ని పళ్లతో జాగ్రత్తగా ఉండాలి" అని ఆ డైటీషియన్ మొదలుపెట్టిందో లేదో, ఈవిడకు ఫోను వచ్చింది. ప్యాంటు పొట్టిదైందని ఎవరో తల్లి గొడవ. బయటికెళ్లి సర్దిచెప్పి వచ్చేసరికి లోపల మాటలు అయిపోయాయి. ఇంటికి రాగానే పళ్లబుట్ట ఎత్తుకెళ్లి పొరుగింటికి ఇచ్చేసింది. అతను ఏదో చెప్పబోయాడు కానీ వినేదెవరు?

పళ్లు మానిపించినా పొట్ట తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. పోయిన వారం నడిరోడ్డు మీద బస్సు ఆపి, జనాన్ని అలాగే వదిలేసి ఒక హోటల్లోకి పరుగెత్తాడు. డిపో మేనేజరు పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే బస్సు దింపి వర్క్‌షాపులో కూర్చోబెడతానన్నాడు. ఆ సాయంత్రం భోజనం ముందు కూర్చుని అతను కళ్లనీళ్లు కనపడకుండా ముఖం తిప్పుకున్నాడు.

అప్పుడు పట్టుకుంది ఆవిడకు అనుమానం. ఈ మనిషి బయట దొంగచాటుగా పళ్లు తింటున్నాడు! బస్సు డిపో గేటు దగ్గర పళ్లబండి ఆమె మీద అనుమానం. చెప్పుల షాపులో పనిచేసే సొంత కూతురి మీదా అనుమానమే.

"నిజం చెప్పవే, మీ నాన్నకు నువ్వే తెచ్చిస్తున్నావు కదూ?"

"నేనేదో దొంగసొత్తు దాచినట్టు అడుగుతావేంటమ్మా?"

"మరి నీ గదిలో ఆ ఆపిల్ వాసనేంటి?"

"అది షాంపూ! దాన్ని కూడా మానిపించు ఇక" అంటూ కూతురు విసురుగా తలుపు వేసుకుని పనికి వెళ్లిపోయింది.

ఆ పొద్దున కూడా చొక్కాలో ఏమీ దొరకలేదు. భోజనం సంచి తిరగేసింది. అడుగున కాగితం పొట్లం. విప్పితే కమలా తొక్క. ఇంకా తడి ఆరలేదు.

అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏంటిది?"

అతని చెయ్యి ఆగిపోయింది. "కమలా తొక్క."

"తొక్కని నాకూ తెలుసు! ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి నుంచీ. రోజూ ఒకటి తింటున్నాను. తినొచ్చని ఆ డైటీషియనే చెప్పింది. నువ్వప్పుడు బయట ఫోన్లో ఉన్నావు."

"అబ్బ, ఎంత బాగా కుదిరిందో! సరిగ్గా నేను లేనప్పుడే చెప్పిందన్నమాట. రేపు బస్సు దింపేస్తే అప్పుడేం చెప్తారు?"

"చూశావా? ఇందుకే దాచాను. పొట్టతోనే వేగలేకపోతున్నాను. నీ అనుమానంతో కూడా వేగమంటావా?"

భోజనం సంచి ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు. ఆవిడ తగ్గే రకమా? తొక్కను కవర్లో వేసుకుని నేరుగా డైటీషియన్ దగ్గరకు వెళ్లింది.

ఆ అమ్మాయి తొక్క చూసి నవ్వింది. "నేనే తినమన్నానండీ. కమలాతో భయం లేదు, ఒకసారికి ఒకటైతే. అరటిపండు గట్టిగా ఉన్నప్పుడు తినొచ్చు, మచ్చలు పడేలా మగ్గింది వద్దు. ఆపిల్, పుచ్చకాయ, జ్యూసులు, ఎండు పళ్లు ప్రస్తుతానికి పక్కన పెట్టాలి. తర్వాత ఒక్కొక్కటే కొంచెం తిని చూసి, ఏది పడుతుందో తెలుసుకోవాలి. అన్నీ మానేయడం మంచిది కాదు."

"మరి నొప్పి ఎందుకు ఎక్కువైంది?"

"అదే ఆలోచిస్తున్నాను. తేనె వాడతారా? చూయింగ్ గమ్ లాంటివి?"

"గమ్మా? అది నేనే ఇస్తాను" అంది ఆవిడ కాస్త గర్వంగానే. "సిగరెట్లు మానేశారు కదా, నోరు ఊరుకోవద్దూ? చొక్కాకి లోపల జేబు కూడా కుట్టాను. చక్కెర లేనిదే కొంటాను. పళ్లు మానిపించాక రెట్టింపు పెడుతున్నాను."

డైటీషియన్ కలం కింద పెట్టింది. "చక్కెర లేని గమ్‌లో తీపికి చాలావరకు సార్బిటాల్ వేస్తారండీ. ఆపిల్‌లో సహజంగా ఉండేదీ అదే. ఇలాంటి పొట్టకు అది సరిపడదు. ముందు అది ఆపి చూడండి."

ఆవిడ బల్ల మీది తొక్కను మళ్లీ కవర్లో వేసుకుంది. ఊళ్లో వాళ్ల జేబులన్నీ వెతికింది. తను కుట్టిన జేబులోకి మాత్రం తొంగి చూడలేదు.

సాయంత్రం అతను వచ్చేసరికి మిషను ముందు కూర్చుని అతని రెండో చొక్కా లోపలి జేబు విప్పుతోంది. కళ్లు మసకేసి కుట్టు సరిగ్గా కనపడటం లేదు.

"మీకు హాని చేసింది పళ్లబండి ఆమె కాదండీ. నేనే" అంటూ జరిగిందంతా చెప్పింది.

అతను విప్పిన జేబు గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు. "నిజానికి నాకా గమ్ రుచే నచ్చదు. దవడలు నొప్పి పుట్టేవి."

"మరెందుకు నమిలారు?"

"నువ్వు పెట్టావు కదా. నీ చేత్తో పెట్టినదాన్ని అనుమానించాలని నాకు తోచలేదు."

ఆ మాటతో ఆవిడ చొక్కాలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అతను పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక, కింద పడ్డ దారం ముక్కలు ఏరుతూ ఉండిపోయాడు.

పొట్ట ఒక్కరోజులో మారలేదు. అప్పుడప్పుడు ఇప్పటికీ మొరాయిస్తుంది. కానీ నడిదారిలో బస్సు ఆపాల్సిన అవసరం మళ్లీ రాలేదు.

ఒక పొద్దున అతను భోజనం సంచి అందుకుని ఆగాడు. సంచికి పక్కన కొత్తగా కుట్టిన గుండ్రటి జేబు, అందులో ఒక కమలా.

"ఇదేంటి?"

"ఒక్కటే పడుతుంది. రెండోది దూర్చారంటే కుట్లు ఊడతాయి."

"నీ అనుమానం ఎక్కడికీ పోలేదన్నమాట!"

"సాయంత్రం తొక్క మాత్రం మర్చిపోకుండా తీసుకురండి."

"ఎందుకు, సాక్ష్యానికా?"

ఆవిడ అతని కాలరు సరిచేసింది. "కాదు. తృప్తిగా తిన్నారని నాకు తెలియడానికి."