విల్లియనూరు స్టేషన్లో పొగబండి

కాఫీ గ్లాసులు కడిగి బోర్లించి, హేమమాలిని ముందుగది కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్లో పాత తువ్వాలు, చేతిలో సన్నటి కుంచె. ఎదురుగా పెద్ద బల్ల మీద జానెడు పొడవున్న పొగబండి ఇంజిను. ప్లాస్టిక్ షీటు కోసి దాని ఒళ్లంతా తనే అతికించింది. అయిపోయిన పెన్ను రీఫిళ్లు దానికి గొట్టాలయ్యాయి.

బల్లంతా విల్లియనూరు స్టేషనే, మీటర్ గేజ్ రోజుల నాటిది. పట్టాల మధ్య కంకరకు ఇటుక పొడి జల్లించి పోసింది. స్పాంజి తురిమి పచ్చరంగులో ముంచి చెట్లకు ఆకులు పెట్టింది. వాళ్ల నాన్న త్యాగరాజన్ ఆ లైనులో ఇంజిన్లకు బొగ్గు వేసేవాడు. చిన్నప్పుడు ఆయనకు సద్ది మోసిన పిల్లకు ఆ స్టేషన్లో ఏ స్తంభం ఎక్కడుందో ఇప్పటికీ తెలుసు.

కోడలు అభినయ మోకాళ్ల మీద కూర్చుని, ఫోనును ప్లాట్‌ఫారం ఎత్తుకు దించి ఫొటోలు తీస్తోంది. వెనకాల నీలం చార్టు ఆకాశం.

"అత్తా, ఆ తెర కొంచెం లాగు. ఎండ పక్కనుంచి పడితే నిజం బండి మాదిరే ఉంటాది."

అభినయ పంపిన ఫొటో చూసే బొమ్మరైళ్ల ప్రదర్శన వాళ్లు పిలిచారు. ఆదివారం, బీచి రోడ్డు దగ్గర హాల్లో.

భర్త రంగరాజన్ పేపరు మడిచి లేచాడు. "అంతమంది ముందర ఈ వయసులో బొమ్మలు పెట్టుకొని నిలబడతావా హేమా? నవ్వరా? ఈరోజు ఏంబలం నుంచి అక్క కూడా వస్తా ఉంది."

హేమమాలిని కుంచె కడిగి పక్కన పెట్టింది. వదిన లోగనాయకికి వంజరం చేపంటే ఇష్టం. సంచీ తీసుకుని, అభినయతో మార్కెట్టుకు బయలుదేరింది.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. అటక మీద అట్టపెట్టె. అభినయ స్టూలెక్కి దించింది. చెట్లు ఒకదాని మీదొకటి పడి నలిగాయి. స్టేషను కప్పు ఊడింది. ఇంజిను పొగగొట్టం మొదలంటా విరిగింది.

"ఏంది ఇది?" హేమమాలిని గొంతు చిన్నగానే వచ్చింది.

"అక్క చూస్తే ఏమనుకుంటాదో అని పైన పెట్టినా. మెల్లిగానే పెట్టినానే..."

"నన్ను ఒక మాట అడిగినారా?"

"బొమ్మే కదా. మళ్లా అతికించుకో."

ఆ మాటతో ఆమె తల ఎత్తింది. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆ చూపు ఎరగడు.

"బొమ్మ విరిగిందని కాదండీ నా బాధ. నేనేం చేస్తా ఉండానని ఎదురింటి తిలగం అడిగితే, హేమ ఇంట్లో రవికలు కుడతా ఉందని మీరు చెప్పినారు. నా చెవులతో విన్నా. మా నాయన ఒళ్లంతా మసితో ఇంటికొచ్చేవాడు. వీధిలో ఆయన చెయ్యి పట్టుకొని నడిచినా, ఏనాడూ సిగ్గుపడలే. నా చేతిపనికి మీరు సిగ్గుపడతా ఉండారు."

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. లోగనాయకి ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టే ఉంది.

అభినయే ముందుకెళ్లి పొద్దున తీసిన ఫొటో చూపించింది.

లోగనాయకి కళ్లద్దాలు సర్దుకుంది. "అమ్మే! మన విల్లియనూరు స్టేషనే! ఈ పాత ఫొటో యాడ దొరికింది? పెళ్లయి పోయేటప్పుడు ఈ బెంచీ మీదే కదా కూర్చొని ఏడ్చినా. రంగా, నా పెట్టె నువ్వే కదరా మోసుకొచ్చినావు!"

రంగరాజన్ ఫోను అందుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ ఫొటోలు ఒక్కటీ చూడలేదు. బెంచీ, దాని పక్కన మంచినీళ్ల కుళాయి, కిందికి వాలిన పెంకుల కప్పు. అక్క బండి కదిలాక తను పరిగెత్తిన ప్లాట్‌ఫారం.

"పాత ఫొటో కాదు పెద్దమ్మా," అంది అభినయ. "అత్త చేసింది. ఈ బల్ల మీదే."

"మన హేమానా?" లోగనాయకి పెట్టెలోకి వంగి చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "దీన్నా నువ్వు నాకు కనపడకుండా దాచింది? నా కోడలు వాకిట్లో ముగ్గు బాగా వేసిందనే నేను ఏంబలమంతా చెప్పుకొని తిరుగుతానే!"

చేపల సంచీ తీసుకుని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. అభినయ ఆమె వెంట నడిచింది.

రంగరాజన్ దుప్పటి తీసేశాడు. ఒక్కో ముక్కనూ రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టాడు. "తప్పు చేసినా హేమా. దీని దగ్గరికొచ్చి ఒక్కసారన్నా నేను చూడలే."

ఆమె కళ్లు తుడుచుకుంది కానీ నవ్వలేదు. జిగురు రాసి, పొగగొట్టాన్ని దాని చోట నిలబెట్టింది. "పట్టుకోండి. కదలొద్దు."

అతను ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. లోపల కూర ఉడికి, అక్క అన్నానికి పిలిచేదాకా కదల్లేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. గోడ మీద అభినయ తీసిన ఫొటో, దాని కింద విల్లియనూరు స్టేషను. తెల్లచొక్కా వేసుకున్న రంగరాజన్ వచ్చినవాళ్లందరికీ తమిళంలో, తెలుగులో ఆ స్టేషను గురించి చెప్పిందే చెబుతున్నాడు. హేమమాలిని మాత్రం స్తంభం చాటున అభినయ పక్కన నిలబడింది.

కాలేజీ అమ్మాయి ఒకతె వంగి చూసి అడిగింది. "సార్, ఇంజిను వెనకున్న ఈ బొగ్గుపెట్టెకు నిచ్చెన ఎందుకు?"

రంగరాజన్ తడబడ్డాడు. చుట్టూ చూసి, హాలంతా వినబడేలా పిలిచాడు. "హేమా! ఇట్లా రా. చేసినదానివి నువ్వే చెప్పాల."

జనం తిరిగి చూశారు. దారి ఇచ్చారు. హేమమాలిని చీర కుచ్చిళ్లు సవరించుకుంటూ ముందుకొచ్చింది.

"నీళ్లు పట్టేదానికమ్మా, బొగ్గు వెనకాలే నీళ్ల తొట్టి ఉంటాది," అంది. మొదటి మాట వణికింది. "మా నాయన ఆ నిచ్చెనెక్కి గొట్టం లోపలికి తిప్పేవాడు. నేను కింద నిలబడి చూసేదాన్ని..." తర్వాతి మాటలు వాటంతటవే వచ్చాయి. అందరూ ఇంకా దగ్గరికి జరిగారు.

రంగరాజన్ ఆమెకు చోటిచ్చి ఒక అడుగు వెనక్కి వేశాడు. కళ్లు మసకబారాయి. పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషి భుజం తట్టి, ఆయన ఏమీ అడగకుండానే చెప్పాడు.

"నా భార్య సార్."